రోజూ రాత్రి ఆటోఎంఎల్ మళ్ళీ నడిపితే, మారిపోయే డేటాకి మోడల్ దానంతటదే సర్దుకుంటాదా? (రొయ్యల గుంటల సెన్సర్ డేటా)

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. ఒంగోలు పక్కన 20 రొయ్యల గుంటల్లో సెన్సర్లు పెట్టినారు, 15 నిమిషాలకొకసారి డీవో (నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్), టెంపరేచర్, పీహెచ్ వస్తా ఉంటాయి. మే నుంచి ఆగస్టు దాకా వచ్చిన డేటా ఒక ఆటోఎంఎల్ టూల్‌కి (ఏ మోడల్ మంచిదో దానంతటదే సెర్చ్ చేసి ఏరుకునే టూల్) ఇచ్చి, వచ్చే మూడు గంటల్లో డీవో లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందకి పోతాదా పోదా అని చెప్పే మోడల్ తీసినారు. 94 శాతం కరెక్టు అని చూపించింది. అక్టోబర్ వానలు మొదలయ్యాక అది 70ల్లోకి పడిపోయింది. ఇప్పుడు రోజూ రాత్రి మొత్తం సెర్చ్ మళ్ళీ నడిపి పొద్దున్నే కొత్త మోడల్ ఎక్కిస్తే సరిపోతాదా, లేదా ఇదంతా దానంతటదే చూసుకునే టూల్ ఏదైనా ఉందా, అని.

సూటిగా చెప్తా. రోజూ మొత్తం సెర్చ్ నడపొద్దండి. మోడల్‌ని మాత్రం ప్రతి రీడింగుకీ కొంచెం కొంచెం నేర్చుకోనివ్వండి, దాని పక్కన ఇంకో రెండు మూడు మోడళ్ళు పోటీగా నడవనివ్వండి, పెద్ద సెర్చ్ నిజంగా అవసరమైన రోజు మాత్రమే చెయ్యండి. టూల్స్ ఉన్నాయి, కింద చెప్తా. కానీ ఏ టూలూ తీర్చలేని ముక్క ఒకటుంది, మారింది గుంటా, సెన్సరా, లేక మీరు చేసిన పనే డేటాని మార్చిందా అనేది. మాకు ఏడాదిన్నర దండగ అయ్యింది ఈ తేడా తెలియకే.

నేను నెల్లూరు వాణ్ణి, ఇందుకూరుపేట, ముత్తుకూరు పక్క గుంటల్లో ఆరేడేళ్ళుగా ఇదే పని చేస్తా ఉన్నా, కాబట్టి పుస్తకం మాటలకంటే గుంట గట్టు మాటలే ఎక్కువ ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 94 సంగతి. మీరే రాసినారు, వంద రీడింగుల్లో ఆరేడు మాత్రమే 4 కిందకి పోయేవి అని. మరి "ఎప్పుడూ పడదు" అని కళ్ళు మూసుకుని చెప్పే మోడల్‌కి కూడా 93, 94 వస్తాది గదా! దానికి మిషన్ లెర్నింగ్ అక్కర్లేదు, గోడ మీద రాసిపెట్టుకుంటే చాలు. ఇంకోటి, ఈ టూల్స్‌లో చాలావాటికి రీడింగులన్నీ పేకముక్కల్లాగా కలిపేసి మూడింట రెండొంతులు ట్రైనింగ్‌కి, ఒక వంతు టెస్టుకి పంచుకునే అలవాటుంది. రాత్రి 2:00 రీడింగ్ ట్రైనింగ్‌లో, 2:15ది టెస్టులో పడితే ఇంక అది పరీక్ష కాదు, జవాబు పత్రం పక్కన పెట్టుకుని రాయడం. కాబట్టి అక్టోబర్లో మోడల్ చెడిపోయిందని నేననుకోను, ఆగస్టులోనే అంత బాగా ఉండుండదు, వానలొచ్చి బయటపెట్టినాయి అంతే.

ఇది మీ ఒక్కరికే జరిగే తప్పు కాదు. ఈ స్ట్రీమ్ (ఆగకుండా వస్తా ఉండే డేటా) రంగంలో అందరూ వాడే పాత డేటా ఒకటుంది, ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్ కరెంటు ధరలది, 1996 నుంచి 1998 దాకా అరగంటకొకటి, మొత్తం 45,312 వరసలు. ధర పెరుగుతాదా తగ్గుతాదా చెప్పాలి. ఎన్నో పేపర్లలో దాని మీద కొత్త పద్ధతులు 80ల్లో స్కోరు తెచ్చి గొప్పగా చెప్పుకున్నాయి. 2013లో ఒకావిడ తీరిగ్గా కూర్చుని చూపించింది ఏందంటే, ఇందాక ఏం జరిగిందో ఇప్పుడూ అదే జరుగుతాది అని చెప్తే చాలు, 85 శాతం వస్తాదని. అప్పట్నుంచి ఈ పనిలో ఉన్నవాళ్ళు ముందు అడిగేది అదే, నువ్వు "ఇందాకటిదే" అనేదానికంటే ఎంత మేలు అని. మీరు కూడా ముందు ఈ రెండు లెక్కలూ వేసుకోండి, "ఎప్పుడూ పడదు" మోడల్‌కి ఎంత, "ఇందాకటిదే" మోడల్‌కి ఎంత. మీ మోడల్ ఈ రెండిటికంటే ఎంత పైన ఉందో అదే మీ అసలు మార్కు.

పరీక్ష పెట్టే పద్ధతి కూడా మారాలి. స్ట్రీమ్‌లో పరీక్ష ముందు, పాఠం తర్వాత. ప్రతి రీడింగ్ రాగానే ముందు అంచనా చెప్పించాలి, నిజం తెలిశాక మార్కు వెయ్యాలి, అప్పుడే ఆ వరసతో నేర్పాలి. దీన్ని ప్రీక్వెన్షియల్ అంటారు. మీ కేసులో ఒక మెలిక ఉంది, మీ జవాబు మూడు గంటల తర్వాత గానీ తెలీదు. అంటే ఏ నిమిషంలో చూసినా ఒక్కో గుంటకి 12 అంచనాలు ఇంకా మార్కులు పడకుండా ఎదురుచూస్తా ఉంటాయి. కోడ్‌లో ఈ ఆలస్యం పెట్టకుండా వెంటనే నేర్పేస్తే భవిష్యత్తు చూసి నేర్చుకున్నట్టే, ఆఫీసులో అద్భుతంగా ఉంటాది, గుంట దగ్గర పనికిరాదు. పైథాన్‌లో రివర్ అనే లైబ్రరీ ఉంది, 2020లో క్రీమ్, సైకిట్ మల్టీఫ్లో అనే రెండు ప్రాజెక్టులు కలిసి అయ్యింది, దాంట్లో ఈ ఆలస్యాన్ని నేరుగా చెప్పొచ్చు. జావా వాళ్ళకైతే మోవా ఉంది, న్యూజిలాండ్ వైకాటో యూనివర్సిటీది. ఆటోఎంఎల్‌లో ముందు పేరు తెచ్చుకున్నవాటిల్లో ఒకటైన 2013 ఆటో వేకా కూడా వాళ్ళ వేకా మీద కట్టిందే. మోవా, వేకా రెండూ అక్కడి పక్షుల పేర్లే, ఎందుకో వాళ్ళకి పక్షుల పిచ్చి.

ఇంక రోజూ సెర్చ్ ఎందుకొద్దంటున్నానో. మామూలు ఆటోఎంఎల్ చేసేది ఏంది, ఏ అల్గారిథం, దానికి ఏ సెట్టింగులు, ముందు డేటాని ఎట్టా శుభ్రం చెయ్యాలి, ఈ మూడూ కలిపి వందల కాంబినేషన్లు ప్రయత్నించి మంచిది ఏరుకుంటాది. ఆటో సైకిట్ లర్న్ లాంటిదానికి డిఫాల్ట్ టైమే ఒక గంట. గంట మిషన్ టైము పెద్ద ఖర్చు కాదులే, అది కాదు నా బాధ. సెర్చ్ అనేది "ఈ డేటా అంతా ఒకే రకం, రేపు కూడా ఇట్టానే ఉంటాది" అనే నమ్మకం మీద నిలబడి ఉంటాది. మీరు నిన్నటి ఒక్కరోజు డేటా ఇస్తే 20 గుంటలకి కలిపి 1,920 వరసలు, అందులో పడిపోయినవి వంద చిల్లర, అవి కూడా రెండు మూడు గుంటల్లో ఒకే రాత్రి పక్కపక్క రీడింగులు. అంత తక్కువలో వందల కాంబినేషన్లు పోటీ పెడితే గెలిచేది మంచిది కాదు, అదృష్టం ఉన్నది. పొద్దున్నకో మోడల్ వస్తాది, నిన్న 12వ గుంటకి అలారం మోగించింది ఈరోజు అదే పరిస్థితిలో నోరు మూసుకుంటాది. రైతు ఫోన్ చేసి అడుగుతాడు, "ఏంది సారూ, మీ మిషను రోజుకో మాట చెప్తుండాది" అని. నాకు అచ్చం ఈ మాటే వచ్చింది. పోనీ మూడు నెలల డేటా ఇస్తే అందులో వానకి ముందుదే ఎక్కువ, వాన తర్వాతది పిడికెడు, సెర్చ్ ఎండాకాలానికే ఓటేస్తాది.

ఇప్పుడు అసలు విషయం, డ్రిఫ్ట్, అంటే డేటా తీరు కాలంతో మారిపోవడం. పుస్తకాల్లో నాలుగు రకాలు చెప్తారు, ఉన్నట్టుండి మారేది, మెల్లగా జరిగేది, పాతదీ కొత్తదీ కలగలిసి చివరికి కొత్తది మిగిలేది, పోయి మళ్ళీ తిరిగొచ్చేది. మన గుంటల్లో నాలుగూ ఉన్నాయి, ఒకే నెలలో.

గుంటలో డీవో పగలు పెరిగి రాత్రి తగ్గుతాది, నీళ్ళల్లో ప్లాంక్టన్ (కంటికి ఆనని నాచు) ఎండ ఉంటే ఆక్సిజన్ ఇస్తాది, రాత్రి అదే తీసుకుంటాది, రొయ్యలూ, అడుగున కుళ్ళే మేతా కూడా తీసుకుంటాయి, అందుకే తెల్లారేముందు అన్నిటికంటే తక్కువ. ఎండాకాలంలో ఈ లయ గడియారంలాగా ఉంటాది, ఏ మోడలైనా పట్టేస్తాది. మన పక్కన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య వానలు. మబ్బు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే పగలు నిండాల్సిన ఆక్సిజన్ నిండదు. గట్టి వాన పడితే మంచినీళ్ళు పైన, ఉప్పునీళ్ళు కింద పొరలు కడతాయి, పై నుంచి గాలి కిందకి దిగదు. ఉప్పు ఒక్కసారిగా తగ్గితే ప్లాంక్టన్ చచ్చి, కుళ్ళి ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తాది. అంటే సాయంత్రం డీవోకీ తెల్లారిజాము డీవోకీ మధ్య ఉండే సంబంధమే మారిపోయింది. ఇది నిజమైన డ్రిఫ్ట్, దీనికి మోడల్ మారాల్సిందే.

కానీ అదే అక్టోబర్లో ఇంకోటి కూడా జరుగుతాది. డీవో ప్రోబ్ (నీళ్ళల్లో ముంచి పెట్టే సెన్సర్) నీళ్ళల్లో ఎంత ఆక్సిజన్ కరిగిందో నేరుగా లెక్కపెట్టదు, దాని ఒత్తిడి చూసి, టెంపరేచరూ ఉప్పూ వేసి లెక్క కడతాది. ఉప్పు ఎక్కువైతే నీళ్ళు ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి, 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకి సుమారు 7.5 మిల్లీగ్రాములు పట్టుకుంటే సముద్రపు నీళ్ళు 6.2. మీరు మే నెలలో ప్రోబ్‌లో ఉప్పు 25 అని పెట్టి వదిలేసి ఉంటే, వానలకి గుంటలో ఉప్పు 10కి వచ్చినా ప్రోబ్ 25 అనుకునే లెక్క కడతా ఉంటాది, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాది. పావు నుంచి సగం పాయింటు దాకా తేడా. మీ గీత 4 దగ్గర ఉన్నప్పుడు సగం పాయింటు అంటే చిన్న విషయమా? మోడల్ తప్పు కాదు, గుంట తప్పు కాదు, సెట్టింగ్ తప్పు. దీన్ని ఆటోఎంఎల్‌కి ఇస్తే పాపం అది తప్పు లెక్కకి సరిపోయే మోడల్ వెతికి పెడతాది, మీరు సెట్టింగ్ సరిచేసిన రోజు అది మళ్ళీ పాడైపోతాది.

మాకు జరిగింది ఇట్టాంటిదే, ఇంకా సిగ్గుచేటుది. ఒక రైతు 8 గుంటల్లో డీవో వారం రోజులు మెల్లగా దిగుతా వచ్చింది. డిటెక్టర్ (డ్రిఫ్ట్ వచ్చిందని పసిగట్టే కోడ్) మోగింది, కొత్త సెర్చ్ దానంతటదే మొదలైంది, కొత్త మోడల్ ఎక్కింది, స్కోర్ మళ్ళీ పైకొచ్చింది, మేము ఆఫీసులో చేతులు కలుపుకున్నాం సిస్టం ఎంత తెలివైనదో అని. శనివారం పొద్దున అక్కడ పనిచేసే కుర్రాడు పడవేసుకుని పోయి ప్రోబులన్నీ కడిగినాడు, పాకుడు పట్టి ఉండింది అంతే. ఆ గంటలో అన్ని గుంటల డీవో ఒకటిన్నర పాయింట్లు ఎగిరింది, మళ్ళీ డిటెక్టర్ మోగింది, మళ్ళీ సెర్చ్. పాకుడుకి ఒక మోడల్, శుభ్రానికి ఒక మోడల్ తయారుచేసినాం, వారానికి రెండు. ఆ తర్వాత మేము చేసిన మేలైన పని ఏందంటే ఒక బటన్. కుర్రాడి ఫోన్‌లో "కడిగినా" అని నొక్కే బటన్. ఏ కొత్త అల్గారిథం తెచ్చినదానికంటే ఆ బటన్ వల్ల వచ్చిన లాభమే ఎక్కువ, నవ్వుకున్నా పర్లేదు.

సో డిటెక్టర్ మోగగానే సెర్చ్ కాదు, ముందు మూడు ప్రశ్నలు. అన్ని గుంటల్లో ఒకేసారి మారిందా, ఒక్క గుంటలోనా? ప్రోబ్ కడిగినాకా, సెట్టింగ్ మార్చినాకా మారిందా? ఇన్‌పుట్‌లు మాత్రమే మారినాయా, లేక అవే ఇన్‌పుట్‌లకి జవాబు మారిందా? ఒక్క గుంటలో మాత్రమే, మెల్లగా, డీవో ఒక్కటే దిగుతా పీహెచ్ అట్టానే ఉంటే పదికి ఎనిమిదిసార్లు ప్రోబే, నా అనుభవం అది. నిజంగా ఆక్సిజన్ తగ్గే గుంటలో మామూలుగా పీహెచ్ కూడా దిగుతాది, రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ పెరుగుతాది కాబట్టి. ఈ మూడు ప్రశ్నలు కోడ్‌లో పెట్టొచ్చు, మేము పెట్టినాం, ఇరవై ముప్పై లైన్లు.

గుంటా, సెన్సరూ అయినాయి, ఇప్పుడు మూడోది, మీరు చేసిన పనే డేటాని మార్చడం, నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది. మీ మోడల్ "పడిపోతాది" అని చెప్పింది, రైతు ఏరేటర్లు (నీళ్ళల్లో గాలి కలిపే మిషన్లు) వేసినాడు, డీవో పడలేదు. మీ డేటాలో ఏం రాసుంటాది? మోడల్ తప్పు చెప్పింది అని! ఇట్టా నెల రోజులు నేర్పండి, "సాయంత్రం ఇంత ఉండి, మబ్బుంటే, ఏమీ కాదు" అని నేర్చుకుంటాది, ఎందుకంటే ప్రతిసారీ ఎవరో ఒకరు కాపాడినారు. తర్వాత ఒక రాత్రి అది చెప్పదు, ఎవరూ ఏరేటర్లు వెయ్యరు. మంచి మోడల్ తన మంచితనాన్నే సాక్ష్యం లేకుండా చేసుకుంటాది, చెడ్డది మాత్రం చక్కగా మార్కులు తెచ్చుకుంటాది. ఆగకుండా నేర్చుకునే సిస్టంలో ఇది ఇంకా ప్రమాదం, నెలకోసారి ట్రైన్ చేసేవాళ్ళకి తప్పు మెల్లగా ఎక్కుతాది, మీకు రాత్రికి రాత్రే ఎక్కుతాది. మేము ఇప్పుడు చేసేది: ఏరేటర్ ఆన్ ఆఫ్ టైము తప్పకుండా రికార్డు చేస్తాం (మోటర్ కరెంటు లాగుతుందా లేదా చూసే చిన్న క్లాంప్ చాలు), అలారం తర్వాత ఏరేటర్ వేసిన వరసల్ని తప్పు అలారంగా లెక్కపెట్టం, నేర్పడానికి కూడా ఏరేటర్ వేసేదాకా గంటకి ఎంత వేగంగా దిగింది అనేది మాత్రమే వాడతాం. 4 కిందకి పోతాదా అని అడగడం మానేసి, ఎంత వేగంగా దిగుతుంది అని అడగడం మొదలుపెట్టినాం. వేగం తెలిస్తే ఎన్ని గంటలకి 4 అవుతాదో కూడికలు తీసివేతలే. మీ టార్గెట్ ఇట్టా మార్చుకుంటే మీ సగం తలనొప్పి పోతాదని నా నమ్మకం.

డిటెక్టర్ల గురించి కూడా ఒక ముక్క. మీరు అడ్విన్ వాడినామన్నారు. మంచిదే, 2007 నాటిది, ఒక కిటికీ పెట్టుకుని దాన్ని పాత ముక్క కొత్త ముక్కగా విడగొట్టి రెండిటి సగటు తేడా ఎక్కువుంటే పాతది పారేస్తాది, కిటికీ ఎంత పొడుగుండాలో మనం చెప్పక్కర్లేదు. 2004 నాటి డీడీఎం ఇంకా సింపుల్, తప్పుల శాతం తన కనిష్ఠం కంటే రెండు రెట్ల విచలనం పైకిపోతే హెచ్చరిక, మూడు రెట్లయితే డ్రిఫ్ట్. కానీ వీటి లెక్కలన్నీ ఒక తప్పుకీ ఇంకో తప్పుకీ సంబంధం లేదనే దాని మీద కట్టినవి. మన తప్పులన్నీ తెల్లారిజామున 2 నుంచి 5 మధ్యే గుంపుగా వస్తాయి, పగలంతా సున్నా. కాబట్టి అడ్విన్‌కి రోజూ తెల్లారిజామున లోకం మారిపోయినట్టే, పైటేలకి మళ్ళీ మామూలైనట్టే కనిపిస్తాది. మాకు మొదట్లో ఒకే గుంటకి వారంలో పదకొండు డ్రిఫ్టులు చూపించింది! మందు సులువు, రీడింగ్ రీడింగుకీ ఇవ్వొద్దు, ఒక రాత్రి మొత్తం తప్పుని ఒక అంకె చేసి రోజుకొకటి ఇవ్వండి. స్పందన రెండు మూడు రోజులు ఆలస్యం అవుతాది, అవనివ్వండి. మోడల్ ఎట్టాగూ ప్రతి రీడింగుకీ నేర్చుకుంటా ఉంటాది గదా, డిటెక్టర్ పెద్ద నిర్ణయాలకి మాత్రమే.

సరే, మోడల్ ఏది. స్ట్రీమ్‌కి అందరూ మొదలుపెట్టేది హోఫ్‌డింగ్ ట్రీ (ఒక్కో ప్రశ్న దగ్గర కొమ్మలుగా చీలే చెట్టు లాంటి మోడల్), 2000లో వచ్చింది. ఐడియా ఏందంటే మొత్తం డేటా చూడక్కర్లేదు, తగినన్ని వరసలు చూస్తే ఈ కొమ్మ ఇక్కడ చీల్చడం కరెక్టే అని నమ్మకంగా చెప్పొచ్చు, ఆ "తగినన్ని" ఎంతో ఒక సూత్రం చెప్తాది. ఆ సూత్రంలో మీ అంకెలు వేసి చూడండి, ఎవరూ వెయ్యరు. రివర్‌లో డిఫాల్ట్ డెల్టా (తప్పుగా చీల్చే అవకాశం ఎంతవరకు ఒప్పుకుంటామో ఆ అంకె) కోటికి ఒకటి. 200 వరసల దగ్గర అనుమానపు హద్దు 0.20 వస్తాది, అంటే మేలైన రెండు లక్షణాల (ఇన్‌పుట్‌ల) మధ్య తేడా అంతకంటే ఎక్కువుంటేనే చీలుస్తాది. రెండూ దాదాపు సమానంగా ఉంటే హద్దు 0.05కి దిగేదాకా ఆగి అప్పుడు ఏదో ఒకటి ఎంచుకుంటాది, దానికి 3,200 పైచిలుకు వరసలు కావాలి. ఒక గుంటకి రోజుకి 96 రీడింగులు, అంటే 34 రోజులు! వనామీ పంటే 100, 120 రోజులు. ఒక్క కొమ్మ వెయ్యడానికి పంటలో మూడో వంతు అయిపోతాది, రెండో కొమ్మకి పట్టుబడి వచ్చేస్తాది. అందుకే గుంటకొక మోడల్ పెట్టొద్దు, 20 గుంటలూ కలిపి ఒక మోడల్, గుంట వయసు, రొయ్యల సాంద్రత, ఉప్పు లక్షణాలుగా ఇవ్వండి. కలిపితే అదే 3,200 రెండు రోజుల్లోపే వస్తాయి. 20 గుంటలు ఒకే మబ్బు కింద ఉంటాయి కాబట్టి అవి 20 విడి సాక్ష్యాలు కావు, అది గుర్తుపెట్టుకోండి, కానీ 34 రోజుల కంటే నయం.

మాకు గుంటల్లో ఎక్కువకాలం నిలబడింది అడాప్టివ్ రాండమ్ ఫారెస్ట్, 2017ది. చెట్ల గుంపు, ప్రతి చెట్టుకీ సొంత డిటెక్టర్, హెచ్చరిక రాగానే లోపల పిల్ల చెట్టు ఒకటి పెంచడం మొదలుపెడతాది, డ్రిఫ్ట్ ఖాయమైతే పాతదాని చోట అది కూర్చుంటాది. మనకి కావాల్సిన ఆటోమేటిక్ సగం ఇందులోనే ఉంది, చాలామంది గమనించరు. దీని పక్కన ఒక మామూలు లీనియర్ మోడల్ కూడా పెట్టండి, డేటా తక్కువున్న రోజుల్లో అదే గెలుస్తాది. ఒకటి జాగ్రత్త, మోడల్ ఒక్కటే మర్చిపోతే చాలదు, ముందున్న స్కేలర్ (ఇన్‌పుట్ అంకెలన్నిటినీ ఒకే కొలతకి తెచ్చేది) కూడా మర్చిపోవాలి. ఐదు నెలల సగటు పట్టుకుని కూర్చున్న స్కేలర్ వాన తర్వాత వచ్చే ప్రతి ఉప్పు రీడింగునీ వింతగా చూపిస్తా ఉంటాది, దాని వెనకున్న మోడల్ ఎంత చురుగ్గా ఉన్నా ఏం లాభం.

ఇంక మీరడిగిన టూల్స్. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చాచా అని ఒకటి తెచ్చినారు, వౌపల్ వాబిట్ అనే ఆన్‌లైన్ లెర్నింగ్ టూల్ మీద నడుస్తాది. పేరు క్యూబా వాళ్ళ డాన్సు కాదు, ఛాంపియన్, ఛాలెంజర్స్ అని. ఒకడు ఛాంపియన్, కొద్దిమంది ఛాలెంజర్లు మాత్రమే ఒకసారికి బతికి ఉంటారు, వాళ్ళలో ఎవరైనా గ్యారంటీగా మేలని తేలితే ఛాంపియన్ మారతాడు. నాకు ఈ ఆలోచన ఇష్టం, ఎందుకంటే లైవ్‌లో జవాబు చెప్పేది ఎప్పుడూ నిరూపించుకున్నవాడే. 2022లో ఇవోఆటోఎంఎల్ వచ్చింది, రివర్ మీద, ఒక గుంపు పైప్‌లైన్లు (డేటా శుభ్రం చెయ్యడం నుంచి మోడల్ దాకా ఉండే వరస) పెట్టుకుని బాగా చేసేదాన్ని కొంచెం మార్చి పిల్లని పుట్టించి, చెత్తదాన్ని తీసేస్తాది, పశువుల పెంపకం లాగా, ఒంగోలు వాళ్ళకి కొత్తగా చెప్పాలా! నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ యూనివర్సిటీ వాళ్ళు 2021లో మామూలు ఆటోఎంఎల్ టూల్స్‌నే తీసుకుని డ్రిఫ్ట్ వచ్చినప్పుడు ఏం చెయ్యొచ్చో ఆరు పద్ధతులు పోల్చి చూసినారు: ఒక్కసారే ట్రైన్ చేసి వదిలెయ్యడం, గడువు ప్రకారం మళ్ళీ మొదలుపెట్టడం, డ్రిఫ్ట్ కనిపిస్తే ఉన్న మోడల్‌కే కొత్త డేటా కలపడం, ఉన్న పైప్‌లైన్‌ని కొత్త డేటాతో మళ్ళీ ట్రైన్ చెయ్యడం, పాత సెర్చ్ దగ్గర్నుంచి వెతుకులాట కొనసాగించడం, మొత్తం మొదట్నుంచి వెతకడం. ఏ డ్రిఫ్టుకి ఏది అనేది మారతాది, అన్నిటికీ ఒకటే మందు లేదు. మీరు చేద్దామనుకుంటున్నది ఆ ఆరులో గడువు ప్రకారం మొదలుపెట్టేది. నాకు పనికొచ్చినవి మధ్యలోవి, పైప్‌లైన్ అదే ఉంచి కొత్త డేటాతో ట్రైన్ చెయ్యడం. అల్గారిథం ఎంపిక అంత త్వరగా పాతబడదు, అంకెలే పాతబడతాయి.

మా సెటప్ ఇప్పుడు ఇట్టా ఉంది. నలుగురు పోటీదారులు, ఒక ఛాంపియన్, అన్నీ ఒకే డేటా చూస్తాయి, ఫోన్‌కి మెసేజ్ పోయేది ఛాంపియన్ నుంచే. మారాలంటే వరసగా పది రాత్రులు కలిపి మార్కు మేలుగా ఉండాలి. మార్కు శాతాల్లో కాదు, నిజంగా పడిపోయిన రాత్రులు ఎన్ని, వాటిలో రెండు గంటల ముందు చెప్పినవి ఎన్ని, ఊరికే నిద్ర లేపినవి ఎన్ని. ఒక రాత్రి పట్టుకోకపోతే గుంట మొత్తం పోవచ్చు, ఊరికే లేపితే ఒక గంట కరెంటు, కొంచెం తిట్లు, కానీ వరసగా నాలుగు రాత్రులు ఊరికే లేపితే ఐదోరోజు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుంటాడు, అప్పుడు గుంట పోతాది. ఈ లెక్కని రైతుతో కూర్చుని వెయ్యండి, టూల్‌కి తెలీదు అది. పెద్ద సెర్చ్ ఏడాదికి మూడు నాలుగుసార్లు, పంట మధ్యలో మాత్రం ఎప్పుడూ చెయ్యం.

పాత మోడళ్ళు పారెయ్యొద్దు. పట్టుబడి అయ్యి, గుంట ఎండబెట్టి, మళ్ళీ సీడ్ వదిలితే అది తిరిగొచ్చే డ్రిఫ్టు. మొదటి 30 రోజుల గుంట పోయిన పంట మొదటి 30 రోజుల్లాగే ఉంటాది, నిన్నటి 110వ రోజు లాగా కాదు. మేము ఒక్కో దశకీ, ఒక్కో కాలానికీ మోడల్ దాచి ఉంచుతాం, కొత్త పంటలో అది పోటీదారుగా దిగుతాది, చాలాసార్లు వారంలోనే ఛాంపియన్ అయిపోతాది.

ఇంకోటి మర్చిపోయేవాణ్ణి. 2021 నవంబర్లో పెన్న వరదకి కరెంటూ నెట్టూ పోయి, గేట్‌వేలో (సెన్సర్ల రీడింగుల్ని నెట్‌కి పంపే పెట్టె) ఆగిన రీడింగులన్నీ రెండు రోజుల తర్వాత ఒక్కసారిగా వచ్చినాయి. మా సిస్టం వచ్చిన టైమే కొలిచిన టైము అనుకుని, మొన్నటి రాత్రి డీవోని ఈ మధ్యాహ్నం డీవోగా నేర్చుకుంది. ఆగకుండా నేర్చుకునేదానికి ఆగి ఆలోచించడం తెలీదు గదా. కొలిచిన టైము సెన్సర్ దగ్గరే ముద్ర వెయ్యండి, ఆరు గంటల కంటే పాతది వస్తే పక్కన పెట్టండి, నేర్పొద్దు. ప్రతి రాత్రి మోడల్ కాపీ ఒకటి దాచండి, చెడిపోతే నిన్నటికి వెనక్కి పోవచ్చు. మేము ఆ రోజు పోలేకపోయినాం, ఆ వారమంతా మనుషులే రాత్రుళ్ళు టార్చి లైట్లు వేసుకుని రొయ్యలు గట్టుకి వస్తున్నాయా అని చూసినారు.

మీ దగ్గర అక్టోబర్ 5 నుంచి 25 దాకా ఉన్న డీవో, పీహెచ్ గ్రాఫు, ప్రోబులు ఏ రోజు కడిగినారో ఆ తేదీలు, ఉప్పు సెట్టింగ్ ఎప్పుడు మార్చినారో (లేదా మార్చలేదో) ఇక్కడ పెట్టండి, గుంటల పేర్లు తీసేసి అంకెలు పెడితే చాలు. మీ 70ల్లో ఎంత భాగం వానదో, ఎంత పాకుడుదో చూస్తే తెలిసిపోతాది.